గెలిచే గుర్రానికి సీసం బరువు

2024 మార్చి 27న మన ఉప్పల్ స్టేడియంలో సన్‌రైజర్స్ ముంబై మీద 277 కొట్టింది గుర్తుందా? గుర్తు లేదంటే మీరు ఈ ఏరియాలో ఉంటున్నట్టు చెప్పుకోకండి. సరే, ఇప్పుడు ఒక్కసారి ఊహించుకోండి. తెల్లారి బోర్డు వాళ్ళు ఒక కాగితం విడుదల చేస్తారు. "హైదరాబాద్ బ్యాటింగ్ మిగతా జట్లకు అందనంత ముందుంది. పోటీలో మజా పోతోంది. కాబట్టి వచ్చే మ్యాచ్ నుంచి ట్రావిస్ హెడ్ బ్యాట్‌కు 200 గ్రాముల సీసం కట్టాలి." మనం ఊరుకుంటామా? ఉప్పల్ రింగ్ రోడ్ జామ్ అయిపోదూ? (అది రోజూ జామే అనుకోండి, అది వేరే విషయం.)

కానీ కార్ల రేసుల్లో ఇది నిజంగా జరుగుతుంది. గల్లీ రేసుల్లో కాదు, ప్రపంచంలోనే పేరున్న లె మాన్స్ 24 గంటల రేసులో. అధికారికంగా, పట్టిక వేసి, ఏ కారుకు ఎన్ని కిలోలు కలపాలో రాసి మరీ చేస్తారు. దీని పేరు బ్యాలెన్స్ ఆఫ్ పర్ఫార్మెన్స్. రేసు జనం ముద్దుగా బీఓపీ అంటారు, ఓడినవాళ్ళు ఇంకేవేవో అంటారు.

సాహిత్య క్లబ్ పత్రికలో కార్ల గోల ఏంటని కొందరు అడగొచ్చు. నా ఉద్దేశంలో ఇది కార్ల గోల కాదు. 'న్యాయంగా పోటీ' అనే రెండు మాటలకు అర్థం ఏంటనే గోల. 2023లో ఒకే మనిషి, నాలుగు నెలల తేడాతో, రెండు రకాల న్యాయాలకు దొరికాడు. అందులో ఒకటి మన హుస్సేన్ సాగర్ ఒడ్డునే జరిగింది. ఆయన పేరు సెబాస్టియన్ బుయెమీ, స్విట్జర్లాండ్ డ్రైవర్. ఆయన దగ్గరికి వస్తాను. ముందు గుర్రాలు.

నాచారం నుంచి కూతవేటు దూరంలో మౌలాలీ ఉంది కదా. హైదరాబాద్ గుర్రప్పందాలు మొదలైంది అక్కడే, 1868లో. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో వాటిని తన మహలుకు దగ్గరగా ఉండే మలక్‌పేటకు మార్పించాడు. ఇప్పటికీ అక్కడే జరుగుతున్నాయి. పందెం కాసేవాళ్ళ సంగతి పక్కన పెట్టండి, అక్కడి ఒక పద్ధతి మాత్రం చూడదగింది. హ్యాండిక్యాప్ రేసులో ప్రతి గుర్రానికీ ఒక రేటింగ్ ఉంటుంది. రేటింగ్ ఎక్కువున్న గుర్రం ఎక్కువ బరువు మోయాలి. జాకీ బరువు సరిపోకపోతే జీను దగ్గర పెట్టే బట్ట జేబుల్లో సీసం పలకలు దోపుతారు. గుర్రాలన్నీ గీత దగ్గరికి ఒకేసారి రావాలన్నది హ్యాండిక్యాపర్ కల. అలా ఎప్పుడూ రావు. వస్తే ఆ రోజు ఆయనకు పండగే.

కార్లకు ఈ ఆలోచన బలంగా అంటుకుంది 2006లో, జీటీ3 అనే తరగతి మొదలైనప్పుడు. అందులో కార్లు చూడండి. మెర్సిడెస్‌కు ముందు భాగంలో 6.2 లీటర్ల వీ8 ఇంజన్. పోర్షేకు వెనక చక్రాల అవతల ఆరు సిలిండర్ల ఇంజన్. ఇప్పటి ఫెరారీకి మధ్యలో 3 లీటర్ల టర్బో వీ6. ఏనుగు, ఒంటె, గుర్రం కలిపి పరిగెత్తించినట్టు. అందరికీ ఒకే రూలు పెడితే ఆ రూలుకు ఏ బండి ఆకారం సరిపోతుందో అదే ప్రతిసారీ గెలుస్తుంది, మిగతా కంపెనీలు ఇంటికి పోతాయి. అందుకని కారు కారుకూ వేరే లెక్క వేశారు. నీకు 15 కిలోలు ఎక్కువ, నీ ఇంజన్‌లోకి పోయే గాలి కొంచెం తక్కువ, నీ టర్బో ప్రెషర్ ఇంతే. అలా అన్నమాట.

లె మాన్స్ పెద్ద తరగతిలోకి కూడా ఇది రావడానికి కారణం డబ్బు. అంతకుముందున్న ఎల్‌ఎంపీ1 అనే తరగతిలో ఎవరి తెలివి వాళ్ళది, ఎవరి ఖర్చు వాళ్ళది. ఖర్చు ఆకాశానికి పోయింది. ఆడి 2016 తర్వాత, పోర్షే 2017 తర్వాత తప్పుకున్నాయి. పెద్ద కంపెనీల్లో టొయోటా ఒక్కటే మిగిలింది. ఒక్కడే పరిగెత్తే రేసును ఎవరు చూస్తారు? తర్వాత హైపర్‌కార్ తరగతి పెట్టి, బీఓపీ తెచ్చి, "మీరు కోట్లు పోసి రెండు సెకన్లు సంపాదించినా మేం వెనక్కి లాగేస్తాం, కాబట్టి అంత పోయకండి" అని చెప్పకనే చెప్పారు. మంత్రం పారింది. 2024 నాటికి ఆ తరగతిలో తొమ్మిది కంపెనీలు ఉన్నాయి.

ఇక్కడ మెకానికల్ వాళ్ళకు కొంచెం విందు. హైపర్‌కార్ కనీస బరువు 1030 కిలోలు. గాలి నొక్కే బలానికీ, గాలి లాగే బలానికీ మధ్య నిష్పత్తిని ముందే ఒక చట్రంలో బిగించారు. కాబట్టి రెక్కలు పెంచుకుంటూ పోయి లాభం లేదు. చక్రాలకు వెళ్ళే షాఫ్టుల మీద టార్క్ సెన్సర్లు ఉంటాయి. ఇంజన్ కాగితం మీద ఎంత గొప్పదైనా, చక్రానికి చేరే పవర్ గీత దాటితే తెలిసిపోతుంది. పిట్‌లో ఒకసారి ఇంధనం పోసుకుంటే, మళ్ళీ వచ్చేదాకా ఎంత శక్తి వాడాలో దానికీ ఒక కోటా ఉంటుంది. అధికారుల చేతిలో ఉన్న మీటలు ముఖ్యంగా మూడే: బరువు, పవర్, శక్తి కోటా.

బరువు కలిపితే ఏమవుతుంది? చాలామంది అనుకున్నట్టు కారు గరిష్ఠ వేగం పెద్దగా పడిపోదు. తిన్నటి రోడ్డు చివర కారు పోరాడేది గాలితో, బరువుతో కాదు. దెబ్బ పడేది మలుపు తిరిగాక మళ్ళీ వేగం అందుకునేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు. ఇంకా, మెల్లగా, గంటల తరబడి, టైర్ల మీద. 24 గంటల రేసులో ఆ చివరిదే అసలైన బాధ. మన ఉప్పల్ నుంచి నాచారం పోయే బస్సులో ఇద్దరు ఎక్కువ ఎక్కితే ఒక్క స్టాపుకు తేడా తెలియదు. రోజంతా తిప్పి చూడండి.

ఇప్పుడు 2023. ఆ సీజన్‌లో లె మాన్స్‌కు ముందు మూడు రేసులు జరిగితే మూడూ టొయోటానే గెలిచింది. కంపెనీల మధ్య లెక్కలు లె మాన్స్ అయ్యేదాకా మార్చం అన్నది అప్పటి మాట. కానీ మే చివర, రేసుకు పది రోజుల ముందు, కొత్త పట్టిక వచ్చింది. టొయోటాకు 37 కిలోలు అదనం. ఫెరారీకి 24, కాడిలాక్‌కు 11, పోర్షేకు 3. కార్ల మధ్య తేడా అనుకున్నదానికంటే ఎక్కువగా ఉంది కాబట్టి సరిచేశాం అన్నారు. టొయోటా బరువు 1043 నుంచి 1080కి చేరింది, అంటే మూడున్నర శాతం.

ఆ టొయోటా 8వ నంబరు కారు ముగ్గురు డ్రైవర్లలో బుయెమీ ఒకడు.

రేసు ఫెరారీ గెలిచింది. ఆ కంపెనీకి లె మాన్స్‌లో మొత్తం మీద మొదటి స్థానం రావడం 1965 తర్వాత అదే మొదటిసారి. అదీ లె మాన్స్ నూరేళ్ళ పండగ ఏడాది. సినిమావాళ్ళు కూడా ఇంత సులువుగా క్లైమాక్స్ రాసుకోరు. బుయెమీ వాళ్ళ కారు రెండోది, 81 సెకన్ల తేడాతో. గెలిచిన కారు 342 ల్యాపులు తిరిగింది. ల్యాపుకు 13.626 కిలోమీటర్లు. 81ని 342తో భాగిస్తే ల్యాపుకు పావు సెకను కూడా రాదు. రోజంతటిలో వెయ్యో వంతు కంటే తక్కువ తేడా అది.

ఈ అంకె చూపించి "చూశారా, బీఓపీ ఎంత కచ్చితంగా పనిచేసిందో" అనేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆ 81 సెకన్లలో చాలా కలగలిసి ఉన్నాయి. రేసు ఇంకా రెండు గంటల లోపే ఉందనగా టొయోటాలో హిరకావా ఆర్నాజ్ మలుపు దగ్గర బ్రేకుల మీద అదుపు తప్పి గోడను గుద్దాడు. అటు ఫెరారీ పిట్ నుంచి బయల్దేరేటప్పుడు స్టార్ట్ కాక మొండికేసింది. ఒకరి తప్పును ఇంకొకరి తప్పుతో తీసేస్తే మిగిలిన అంకె పట్టిక గొప్పదనానికి సాక్ష్యం ఎలా అవుతుంది? రెండు కార్లు దగ్గరగా వచ్చాయి, అంతే. అవి సమానమైన కార్లని దానివల్ల రుజువు కాదు. స్టాటిస్టిక్స్ క్లాసులో నిద్రపోనివాళ్ళకు ఇది తెలుసు.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. ఎంత వేగంగా పోతే అంత బరువు మీద పడుతుందని తెలిసినప్పుడు తెలివైనవాడు ఏం చేస్తాడు? టెస్టుల్లో మెల్లగా పోతాడు. మన హాస్టల్‌లో ప్రతి రూముకూ ఒకడుంటాడు చూడండి, "ఏం చదవలేదు బ్రో, ఈసారి బ్యాక్‌లాగే" అంటాడు, రిజల్ట్ వచ్చేసరికి తొమ్మిదిన్నర జీపీఏ. రేసుల్లో దీన్ని శాండ్‌బ్యాగింగ్ అంటారు. 2016 లె మాన్స్‌లో జీటీ తరగతిలో ఫోర్డ్, ఫెరారీ కార్లు క్వాలిఫైయింగ్‌లో ఒక్కసారిగా మిగతావాళ్ళ కంటే అంత ముందుకు దూకేసరికి, రేసుకు ముందు రోజు హడావిడిగా ఆ రెండింటికీ బరువు కలిపి, ఫోర్డ్‌కు టర్బో ప్రెషర్ తగ్గించారు. అయినా ఆ తరగతి ఫోర్డే గెలిచింది. అందుకే ఇప్పుడు ల్యాప్ టైమ్‌ను నమ్ముకోవడం తగ్గించి సెన్సర్లనూ, విండ్ టన్నెల్ కొలతలనూ నమ్ముకుంటున్నారు. మనిషి నటించగలడు, షాఫ్టుకు నటన రాదు.

మరి ఇది న్యాయమా, అన్యాయమా? మా ఫ్రెండ్స్‌లో దీని మీద రెండు పార్టీలు ఉన్నాయి. నాకు దారి చూపించింది మాత్రం ఎంసెట్.

మనలో చాలామంది ఆ గుమ్మం దాటి వచ్చినవాళ్ళమే. పరీక్ష ఆన్‌లైన్ అయ్యాక రోజుకు రెండు సెషన్లు, ఒక్కో సెషన్‌కూ వేరే పేపర్. ఒకడికి ఈజీ పేపర్, ఇంకొకడికి ఫిజిక్స్‌లో నరకం. అందుకని నార్మలైజేషన్. నీ సెషన్ సగటు, అందరి సగటు, ఎంత చెదిరి ఉన్నాయన్న లెక్క, పైనున్న 0.1 శాతం మంది మార్కులు, ఇవన్నీ ఒక సూత్రంలో వేసి నీ మార్కును సవరిస్తారు. తిట్టుకుంటాం గానీ లోలోపల ఒప్పుకుంటాం. ఎందుకంటే పేపర్ కష్టం కావడం మన తప్పు కాదు. నార్మలైజేషన్ పేపర్‌ను సమానం చేస్తుంది, విద్యార్థిని కాదు. "వీడు ఎక్కువ చదివాడు, పది మార్కులు కోసెయ్" అని అది చెప్పదు. చెబితే మనం ఊరుకోం.

ఈ కొలబద్దతో రేసును చూడండి. కారు అనేది పేపరా, విద్యార్థా?

జీటీ3లో ఒక ప్రైవేట్ టీమ్ ఉంటుంది. కారును కంపెనీ దగ్గర కొనుక్కుంటుంది. దాన్ని తయారుచేయలేదు, మార్చే వీలూ లేదు. వాళ్ళ పనితనమంతా నడపడంలో, టైర్లు కాపాడుకోవడంలో, పిట్ స్టాపుల్లో. వాళ్ళకు కారు అంటే ప్రశ్నపత్రం లాంటిదే. ఏ సెషన్‌లో కూర్చున్నాడన్న దాని మీద గెలుపు ఆధారపడకూడదు. అక్కడ బీఓపీ నూటికి నూరు పాళ్ళూ న్యాయం అంటాను.

హైపర్‌కార్‌లో అలా కాదు. టొయోటా, ఫెరారీ స్వయంగా కారు కట్టి స్వయంగా రేసుకు వస్తున్నాయి. ఆ కారే వాళ్ళ జవాబుపత్రం. దాని మీద 37 కిలోలు పెట్టడమంటే బాగా రాసినవాడి మార్కులు కొయ్యడమే. ప్రదర్శన కోసం, కంపెనీలు పారిపోకుండా ఉండటం కోసం అవసరమైతే చేయండి, నేనూ కూర్చుని చూస్తాను. దాన్ని న్యాయం అని మాత్రం పిలవకండి. దానికి సరైన పేరు సర్దుబాటు.

జపాన్‌లో సూపర్ జీటీ వాళ్ళు ఈ విషయంలో నిజాయితీపరులు. చాలా ఏళ్ళుగా అక్కడ పద్ధతి ఏంటంటే, సంపాదించిన ఒక్కో పాయింటుకూ 2 కిలోలు. దాన్ని సక్సెస్ వెయిట్ అని బాహాటంగా పిలుస్తారు. గెలిచావు కాబట్టి మొయ్యి, అంతే. చివరి రేసుకు బరువులన్నీ తీసేస్తారు. మన ఇళ్ళల్లో చిన్న పిల్లల్ని 'ఆటలో అరటిపండు' అని చేర్చుకుంటాం కదా, వాడు అవుటైనా లెక్కలోకి రాదు. ఇది అదే, తిరగేసి, పెద్దవాడికి బరువు కట్టడం. ఆటగా ఒప్పుకుంటే గొడవే లేదు.

ఫార్ములా వన్ ఇంకో దారి పట్టింది. కారును ముట్టుకోరు, కారు తయారయ్యే వంటింటిని ముట్టుకుంటారు. 2021 నుంచి ఖర్చుకు పరిమితి. విండ్ టన్నెల్ సమయానికీ మెట్లు కట్టారు. కిందటిసారి గెలిచినవాడికి మూల కోటాలో 70 శాతమే, పదోవాడికి 115 శాతం. ఐపీఎల్ వేలంలో అందరికీ ఒకే పర్సు ఇచ్చినట్టు. రెడ్ బుల్ 2021లో పరిమితి దాటితే 70 లక్షల డాలర్ల జరిమానా, విండ్ టన్నెల్ సమయంలో ఇంకో 10 శాతం కోత పడ్డాయి.

ఇక మన ఊరి రేసు. 2023 ఫిబ్రవరి 11, హైదరాబాద్ ఈ-ప్రీ. 2013లో ఫార్ములా వన్ వెళ్ళిపోయాక మన దేశానికి వచ్చిన మొదటి ఎఫ్‌ఐఏ ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఖైరతాబాద్‌లో దిగి నడిచిపోయేంత దూరంలో ప్రపంచ రేసు! 2.83 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. ఫార్ములా ఈ పద్ధతి వేరు. చాసిస్, బ్యాటరీ, టైర్లు అందరికీ ఒకటే. మోటారు, ఇన్వర్టర్, గేర్‌బాక్స్, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరివి వాళ్ళవి. రేసులో అందరికీ 300 కిలోవాట్లు, అటాక్ మోడ్‌లో కాసేపు 350. రేసుకు వాడుకునే శక్తి కూడా అందరికీ ఒకే మోతాదు. అంటే పేపర్ ఒకటే, జవాబులు ఎవరివి వాళ్ళవి. నా కొలబద్దకు ఇది బాగా సరిపోతుంది. (అంతకుముందు ఏడాది వరకు ఫ్యాన్‌బూస్ట్ అని ఒకటి ఉండేది. అభిమానులు ఓట్లేస్తే డ్రైవర్‌కు అదనపు పవర్. మన హీరోల ఫ్యాన్స్ చేతిలో పడకముందే తీసేశారు, బతికిపోయారు.)

ఆ రోజు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నిక్ కాసిడీ రెండు. మూడోవాడుగా గీత దాటింది బుయెమీ. కానీ డేటా చూస్తే ఆయన కారు అనుమతించిన పవర్ కంటే ఎక్కువ వాడినట్టు తేలింది. 17 సెకన్ల శిక్ష పడింది. మూడో స్థానం నుంచి 15కి జారాడు. మూడో స్థానం ద కోస్టాకు దక్కింది, అది ఆయనకు నూరో రేసు.

పోల్చి చూడండి. ఫిబ్రవరిలో బుయెమీకి పడిన శిక్ష కఠినమైనదే, కానీ గీత ఎక్కడుందో ముందే తెలుసు, అందరికీ ఒకటే గీత. జూన్‌లో ఆయన ఏ గీతా దాటలేదు. గీతే ఆయన వైపు జరిగింది.

దీన్ని ఇంత పట్టించుకోవడానికి కారణం, మా కాలేజీ ఫార్ములా స్టూడెంట్ టీమ్‌లో నా పని ఇన్‌టేక్. అక్కడ పెట్రోల్ కార్లకు రూలు ఒక్క ముక్క: ఇంజన్ 710 సీసీ దాటకూడదు, దానిలోకి పోయే గాలంతా 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒక్క రంధ్రం గుండా పోవాలి. ఆ రెస్ట్రిక్టర్ చేయించడానికి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న లేత్ షాపుకు వెళ్ళాం. డ్రాయింగ్ చూసి అక్కడి అన్న నవ్వాడు. "గింత ఇంజన్‌కి గింత సన్న బొక్కనా తమ్మీ? ఊపిరాడక సస్తది గదా." చావాలనే రూలు పెట్టారన్నా, అన్నాను.

ఆ రంధ్రంలో గాలి శబ్దవేగం అందుకున్నాక ఇంజన్ ఎంత పీల్చినా ఇంకో గ్రాము రాదు. లెక్క వేస్తే సెకనుకు సుమారు 75 గ్రాములు, అదీ నష్టాలేవీ లేకపోతే. 20కి బదులు 20.1 చేస్తే వైశాల్యం 1 శాతం పెరుగుతుంది, గాలీ అంతే పెరుగుతుంది. అందుకే ఇన్‌స్పెక్షన్‌లో గేజ్ పెట్టి చూస్తారు. మా అన్న ఫినిషింగ్ కట్ ముందు మూడుసార్లు కొలిచాడు, చల్లారాక మళ్ళీ కొలిచాడు. వేడి మీద ఉన్న అల్యూమినియం కొలత నమ్మొద్దని ఆయన చెప్పిన మాట నాకు ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ అంత గట్టిగా తగల్లేదు. కోయంబత్తూరులో ఫార్ములా భారత్‌కు వచ్చే ఐఐటీ టీమ్‌కూ అదే 20, మాకూ అదే 20. రంధ్రానికి ముందు, తర్వాత గొట్టం ఏ వాలులో తీర్చాం, ఒత్తిడి ఎంత తక్కువ పోగొట్టుకున్నాం అన్నది మాత్రం ఎవడి తెలివి వాడిది. వాళ్ళు బాగా చేస్తే వచ్చే ఏడాది వాళ్ళకు 19 ఇవ్వరు.

బీఓపీలో నాకు మింగుడుపడని చివరి సంగతి ఇంకొకటుంది. ప్రపంచ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్ నియమాల్లో ఒకటుంది: టీములు, డ్రైవర్లు, కంపెనీలు బీఓపీని ప్రభావితం చేయాలని చూడకూడదు, దాని మీద బహిరంగంగా వ్యాఖ్యానించకూడదు. వాళ్ళ భయం అర్థమవుతుంది. మాట్లాడనిస్తే ప్రతి ఆదివారం ఏడుపులే. కానీ మలక్‌పేటలో రేసు పుస్తకం కొంటే ప్రతి గుర్రం పేరు పక్కన అది మోసే బరువు అచ్చు వేసి ఉంటుంది. ఓనరు నుంచి చాయ్ పోసేవాడి దాకా ఎవరైనా దాని మీద రోజంతా వాదించుకోవచ్చు. హ్యాండిక్యాపర్ ఆ తిట్లన్నీ విని, మళ్ళీ వారం కొత్త లెక్క వేస్తాడు.